విశ్వాసికి రాజకీయములతో ఏమి పని?

“రాజకీయములు లోకసంబంధమైనవి. విశ్వాసి వాటి జోలికి పోరాదు. ప్రార్థించుట, వాక్యము చదువుట, సువార్త చెప్పుట, ఇవియే మన పనులు. ఊరు ఎట్లు పోయిన మనకేల?” ఈ మాట మన పల్లె సంఘములలో తరచుగా వినబడుచున్నది. ఈ మాట చెప్పువారు చెడ్డవారు కారు. వారిలో పెక్కుమంది నిజముగా భక్తిపరులే. ఎన్నికలు వచ్చినప్పుడు గ్రామములో పారు సారాయిని, పంచబడు డబ్బును, అన్నదమ్ముల మధ్య రగులు కక్షలను చూచి చూచి వారి మనస్సు విసిగిపోయినది. ఆ విసుగు మనకు తెలియనిది కాదు. అయినను ఆ మాట సత్యము కాదని ఈ వ్యాసమున చెప్పదలచితిని.

మొదట ఒక్క ప్రశ్న అడిగెదను. విశ్వాసులు ఊరి సంగతులలో నోరు మూసికొని యుండుట వలన ఎవరికి లాభము? కూలి బిగబట్టు ఆసామికి లాభము. అప్పుపత్రము చూపి బీదవాని బిడ్డను పనికి కట్టివేయువానికి లాభము. మంచినీటి కుళాయి మన పేట దాక రాకుండ ఆపువానికి లాభము. వారందరు మన మౌనమును చూచి, “వీరు మంచి భక్తులు, ఎవరి జోలికిని పోరు” అని మెచ్చుకొందురు. అన్యాయము చేయువాడు మెచ్చుకొను భక్తిని దేవుడు మెచ్చుకొనునా?

ఈ సంగతిని వట్టి వాదము చేత గాక, ఒక మనుష్యుని జీవితము చేత తేల్చుకొందము. ఆయన పేరు విలియం విల్బర్‌ఫోర్సు. బ్రిటిషు పార్లమెంటులో 45 సంవత్సరములు కూర్చుండి, మనుష్యులను పశువులవలె కొని అమ్ము వ్యాపారమును రూపుమాపుటకు తన ఆయుష్షును ధారపోసిన విశ్వాసి ఆయన.

పదవి ముందు, మారుమనస్సు తరువాత

విల్బర్‌ఫోర్సు 1759 ఆగస్టు 24న ఇంగ్లండులోని హల్ అను రేవుపట్టణమున ధనికుడైన వర్తకుని ఇంట పుట్టెను. తొమ్మిదేండ్లు నిండకమునుపే తండ్రి చనిపోగా, తండ్రి సోదరుని ఇంట కొంతకాలము పెరిగెను. ఆ ఇంటివారు సువార్తయందు ఆసక్తి గలవారు. అక్కడనే ఆ బాలుడు జాన్ న్యూటన్ అను దైవజనుని ఎరిగెను. పిల్లవానికి భక్తి ముదురుచున్నదని విని తల్లి భయపడి, అతనిని మరల తన ఇంటికి తీసికొనిపోయెను. కుమారుడు చెడుత్రోవ పట్టునేమో యని గాక, భక్తుడగునేమో యని భయపడు తల్లిదండ్రులు అప్పుడే గాదు, ఇప్పుడును ఉన్నారు.

తరువాత కేంబ్రిడ్జిలో చదువు, స్నేహితులు, విందులు, పేకాట. 1780లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, హల్ పట్టణమునుండి పార్లమెంటుకు ఎన్నుకోబడెను. ఆ ఎన్నికకు ఆయన చేసిన ఖర్చు 8,000 పౌండ్లకు పైగానే. ఓటర్లకు విందులు పెట్టుట, డబ్బిచ్చుట ఆనాటి వాడుక. కాబట్టి, “రాజకీయములు మురికి” యని చెప్పువారు విల్బర్‌ఫోర్సుకు క్రొత్త సంగతి చెప్పుట లేదు. ఆయన ఆ మురికి గుమ్మము గుండనే లోపలికి పోయెను. 1784లో యార్క్‌షైరు అను పెద్ద జిల్లాకు ప్రతినిధి ఆయెను. ఆయన ప్రాణస్నేహితుడు విలియం పిట్ అప్పటికే దేశమునకు ప్రధానమంత్రి. ముందున్న మార్గమంతయు పూలబాటయే.

అట్టి సమయమున దేవుడు ఆయనను పట్టుకొనెను. 1784, 1785 సంవత్సరములలో ఐజక్ మిల్నర్ అను విద్వాంసునితో కలిసి యూరపు ఖండమున ప్రయాణము చేయుచు, ఫిలిప్ డాడ్రిడ్జి వ్రాసిన ఒక భక్తిగ్రంథమును, క్రొత్త నిబంధనను చదివెను. తన గడచిన దినములన్నియు వ్యర్థమని తోచెను. పాపభారము ఆయనను క్రుంగదీసెను. నెలల తరబడి దుఃఖించి, తుదకు క్రీస్తు కృపయందు నెమ్మది కనుగొనెను. అప్పుడు ఆయనకు తోచిన మొదటి తలంపు ఏమనగా, రాజకీయములను విడిచిపెట్టి ప్రత్యేకముగా దేవుని పనికి పోవలెనని.

చదువరులారా, ఇచ్చట ఆగి గమనించుడి. మన సంఘములలో నేడు చెప్పబడుచున్న మాటనే ఆనాడు విల్బర్‌ఫోర్సు మనస్సు ఆయనకు చెప్పెను. 1785 డిసెంబరులో ఆయన రహస్యముగా న్యూటన్ ఇంటికి పోయెను. ఎవరైనను చూతురేమో యని వెరచి, తలుపు తట్టకముందు ఆ వీధి చుట్టు తిరిగెను. అరువది యేండ్ల ఆ వృద్ధబోధకుడు ఆయన చెప్పినదంతయు వినెను. విని, “పార్లమెంటు విడిచి రమ్ము, నీకు ఒక ప్రసంగపీఠము చూపెదను” అని అన్నాడా? లేదు. ఉన్నచోటనే ఉండి ప్రభువును సేవింపుమనియే ఆయన ఆలోచన చెప్పెను. దేవుడు తన సంఘమునకును, ఆ జనమునకును మేలు కలుగుటకే ఆయనను అక్కడ ఉంచెనని న్యూటన్ నమ్మెను.

ఆ దినమున న్యూటన్ స్థానములో మనము ఉండినయెడల ఏమి చెప్పియుందుము?

పైన ఆరాధన, క్రింద సంకెళ్లు

న్యూటన్ ఆ సలహా ఇచ్చుటకు ఆయన గత జీవితమును తెలిసికొనవలెను. ఆయన ఒకప్పుడు బానిసల ఓడలకు కప్తానుగా నుండెను. 1748లో సముద్రమున గొప్ప తుపానులో దేవునికి మొరపెట్టి, ఆయనవైపు తిరిగెను. మరి, తిరిగిన వెంటనే ఆ వృత్తి మానెనా? మానలేదు. ఆ తరువాతనే కప్తానై, ఆఫ్రికా తీరమునుండి మనుష్యులను ఓడలకెత్తించెను. ఓడలోని నావికులకు ఆరాధన జరిపించెను. పైన ఆరాధన జరుగుచుండెను. క్రింది అరలలో సంకెళ్లు మ్రోగుచుండెను. 1754లో సముద్రమును విడిచినది కూడ జబ్బు చేతనే గాని మనస్సాక్షి పొడుచుట చేత కాదు. తాను చేసినది ఎంత ఘోరమో ఒప్పుకొని, ఆ వ్యాపారమునకు విరోధముగా ఆయన పుస్తకము ప్రకటించినది 1788లో, అనగా ఓడ దిగిన 34 సంవత్సరములకు.

“హృదయములు మారిన చాలును, లోకము దానంతట అదే మారును” అని చెప్పువారు న్యూటన్ కథను మరల మరల చదువవలెను. హృదయము మారుట మొదటిది. దానికి బదులుగా వేరొకటి లేదు. అయితే మారిన హృదయము గలవాడు కూడ తన కాళ్లక్రింద మ్రోగు సంకెలను వినకుండ పాటలు పాడగలడు. వాడుక అట్లు చెవులు మూయును. అందరు చేయుచున్నారు, చట్టము ఒప్పుకొనుచున్నది, పెద్దలు గౌరవించుచున్నారు. కాబట్టి తప్పు కాదని అనిపించును. కావుననే దేవుడు తన ప్రజలకు కృపతోకూడ ధర్మశాస్త్రమును, ప్రవక్తలను ఇచ్చియున్నాడు. నిర్గమకాండము 21వ అధ్యాయము 16వ వచనమున, మనుష్యుని దొంగిలి అమ్మువాడు మరణశిక్షకు పాత్రుడని చెప్పబడినది. పౌలు 1 తిమోతి 1వ అధ్యాయములో హంతకులతోను వ్యభిచారులతోను కలిపి మనుష్యచోరులను లెక్కించెను. వాక్యము స్పష్టముగానే యుండెను. చదువువారి కన్నులే మూయబడెను.

ఆ మూయబడిన కన్నులకు కనబడనిది ఏమో వినుడి. ఇంగ్లండునుండి సరకులు ఆఫ్రికాకు పోవును. వాటికి బదులుగా కొనబడిన మనుష్యులు సముద్రము దాటి వెస్టిండీసు దీవులకు పోవుదురు. వారి చెమటతో పండిన పంచదార ఇంగ్లండుకు వచ్చును. బ్రూక్స్ అను ఓడకు 1788 నాటి చట్టము ప్రకారము 454 మందిని ఎక్కించుటకు అనుమతి యుండెను. అంతకుముందు ఆ ఓడయే 600 మందికి పైగా మోసియుండెను. పలకలమీద ప్రక్కప్రక్కన పేర్చబడినవారికి ఒత్తిగిలుటకైనను చోటు లేదు. 1781లో జాంగ్ అను ఓడ నావికులు నీరు చాలదని చెప్పి, 130 మందికి పైగా బ్రదికియున్న మనుష్యులను సముద్రములో పారవేసిరి. అటుపిమ్మట యజమానులు, పోయిన సరకునకు భీమా సొమ్ము ఇమ్మని న్యాయస్థానమునకు ఎక్కిరి. 1783లో ఆ వ్యాజ్యెము విచారింపబడినది హత్యానేరముగా కాదు, భీమా తగవుగా!

మరి క్రైస్తవ సంఘము ఏమి చేయుచుండెను? సిగ్గుతో చెప్పవలసిన సంగతి యిది. ఆంగ్లికను సంఘమునకు చెందిన ఒక మిషను సొసైటీకి బార్బడోసు దీవిలో కాడ్రింగ్టన్ అను చెరకుతోట యుండెను. ఆ తోటలోని బానిసల రొమ్మున, తాము ఆ సొసైటీకి చెందినవారని తెలియునట్లు ఇనుము కాల్చి ముద్ర వేయించిరి. 1807లో బానిసల కొరకని లండనులో ముద్రింపబడిన బైబిలు సంగ్రహమొకటి కలదు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాసత్వమునుండి బయలువెడలిన కథ లేదు! మోషే ఫరో యెదుట నిలిచిన సంగతి తెలిసినచో బానిసలు ఏమి తలంతురో వారికి తెలియును. కాబట్టి, “మేము వాక్యము మాత్రమే బోధింతుము, రాజకీయములు బోధింపము” అని చెప్పువారిని ఒక మాట అడుగుచున్నాను: అయ్యా, ఏ వాక్యము? అంతయునా, కత్తిరించిన తరువాత మిగిలినదియా?

ఇరువది యేండ్ల పోరు

1787 అక్టోబరు 28న విల్బర్‌ఫోర్సు తన దినచర్య పుస్తకములో, దేవుడు తన యెదుట రెండు గొప్ప పనులు ఉంచెనని వ్రాసికొనెను. ఒకటి బానిసల వ్యాపారమును అణచుట, రెండవది ప్రజల నడవడి బాగుచేయుట. ఆయన ఒంటరిగా ఈ పనికి పూనుకొనలేదు. అదే సంవత్సరము మే 22న లండనులో 12 మందితో ఒక సంఘము ఏర్పడెను. వారిలో 9 మంది క్వేకర్లు. వారు ఎప్పుడో మేల్కొనిరి. థామస్ క్లార్క్‌సన్ అను యువకుడు గుఱ్ఱమెక్కి రేవురేవున తిరిగి, నావికులను విచారించి సాక్ష్యములు కూర్చెను. ఒలౌడా ఎక్వియానో అను విశ్వాసి, తానే బానిసగా నుండి తన విడుదలను తానే కొనుక్కొన్నవాడు, 1789లో తన జీవితకథను వ్రాసి ఊరూర తిరిగి వినిపించెను. విల్బర్‌ఫోర్సును పొగడుచు వీరిని మరచుట అన్యాయము.

1789 మే 12న విల్బర్‌ఫోర్సు కామన్సు సభలో మూడు గంటలకు పైగా మాటలాడెను. తాను ఎవరిని నేరస్థుని చేయుటకు రాలేదనియు, ఈ వ్యాపారమును సాగనిచ్చిన పార్లమెంటు అంతయు, తనతోసహా, దోషి యనియు చెప్పెను. ఇది రాజకీయవేత్త నోట పుట్టు మాట కాదు. తన పాపమును ఒప్పుకొన నేర్చిన విశ్వాసి నోటనే ఇట్టి మాట పుట్టును. అతనికి ఎదుటివాడు శత్రువుగా గాక, తనవలె క్షమాపణ కావలసినవాడుగా కనబడును.

1791లో ఆయన ప్రతిపాదనకు 88 ఓట్లు, వ్యతిరేకముగా 163 ఓట్లు వచ్చెను. ఆ యేటనే జాన్ వెస్లీ తన మరణమునకు ఆరు దినములు ముందు, ఫిబ్రవరి 24న, ఆయనకు జాబు వ్రాసి, దేవుడు నిన్ను ఈ పనికే లేవనెత్తనియెడల మనుష్యుల విరోధము చేత అలసిపోవుదువని హెచ్చరించి, మేలు చేయుటయందు విసుగవద్దని ధైర్యపరచెను. 1792లో దేశము నలుమూలలనుండి 519 అర్జీలు వచ్చెను. సభ అప్పుడు “క్రమక్రమముగా” అను ఒక్క మాట చేర్చి, ఆ పనిని గోతిలో పూడ్చెను. 1793లో 8 ఓట్ల తేడాతో ఓడిరి. 1796లో 4 ఓట్ల తేడాతో ఓడిరి. ఆ రాత్రి ఆయన పక్షమువారు కొందరు సభకు రాక, సంగీత నాటకము చూచుటకు పోయియుండిరి! ఒక వినోదము కొరకు వేలమంది సంకెళ్లు ఇంకను పదునొకండు సంవత్సరములు నిలిచెను. “నా ఒక్క ఓటు చేత ఏమగును? నేనొక్కడను గ్రామసభకు పోకున్న ఏమి?” అనువారు ఈ నాలుగు ఓట్లను జ్ఞాపకముంచుకొనవలెను.

ఆయన ఏల విసుగలేదు? దేహము చూడబోతే బలహీనమైనది, కన్నులు జబ్బువి, కడుపునొప్పి ఎడతెగనిది. పగవారు అసత్యములు ప్రచారము చేసిరి. ఆయన ప్రాతఃకాలమున ప్రార్థనకును వాక్యమునకును సమయము ప్రత్యేకించెను. విశ్రాంతిదినమున రాజకీయపు పనిని ప్రక్కకు పెట్టెను. పెండ్లికి ముందు తన ఆదాయములో నాల్గవ వంతుకు తక్కువ గాకుండ బీదలకిచ్చెను. క్లాపమ్ అను చోట హెన్రీ తార్న్‌టన్, జకరీ మెకాలే, జేమ్సు స్టీఫెన్ మొదలగు విశ్వాసులతో కలిసి ప్రార్థించి, కలిసి ఆలోచించి, కలిసి పనిచేసెను. 1797లో, పేరుకు మాత్రము క్రైస్తవులైనవారి భక్తికిని నిజమైన క్రైస్తవ మతమునకును గల భేదమును చూపుచు ఒక పుస్తకము వ్రాసెను. గెలుపు కొరకు పనిచేయువాడు రెండు ఓటములకు కూలబడును. ప్రభువుకు లెక్క అప్పగింపవలెనని పనిచేయువాడు ఇరువది ఓటములు ఓర్చును. విశ్వాసము రాజకీయములకు ఇచ్చు గొప్ప బలము ఇదియే.

1807 ఫిబ్రవరి 23న కామన్సు సభలో 283 మంది చట్టమునకు అనుకూలముగాను, 16 మంది మాత్రమే వ్యతిరేకముగాను ఓటు వేసిరి. సభ్యులు తన్ను శ్లాఘించుచుండగా విల్బర్‌ఫోర్సు కన్నీరు కార్చుచు కూర్చుండెను. మార్చి 25న అది చట్టమాయెను.

చిన్నవారు చేసిన పెద్ద పని

“ఆయన ధనికుడు, ప్రధానమంత్రికి స్నేహితుడు. మేము కూలినాలి చేసికొనువారము. మాచేత ఏమగును?” అని కొందరు అనవచ్చును. దానికి చరిత్రయే జవాబు చెప్పుచున్నది. 1791లో పార్లమెంటు కాదన్నప్పుడు, ఇంగ్లండులో మూడు లక్షల మంది ఆ దీవుల పంచదారను మానివేసిరని క్లార్క్‌సన్ అంచనా వేసెను. వారిలో ఎక్కువమంది ఓటు హక్కు లేనివారు. వంటయింట్లో పంచదార డబ్బాకు యజమానులైన స్త్రీలు. రక్తముతో పండిన తీపి మాకు వద్దని వారు తేనీటిని చప్పగా త్రాగిరి. ఓటు లేనివారే అంత చేయగా, ఓటున్న మనము చేతులు ముడుచుకొని కూర్చుండుట న్యాయమా?

బానిసలు తామును ఊరకుండలేదు. జమైకా దీవిలో శామ్యూల్ షార్ప్ అను బాప్తిస్టు సంఘపు డీకను, తాను బానిసగా నుండి, బైబిలు చదివి, ఒక మనుష్యుడు మరియొకని సొత్తు కాజాలడని గ్రహించెను. 1831 క్రిస్మసు తరువాత కూలి లేనిదే పని చేయబోమని తోటివారిని నిలువబెట్టెను. అది తిరుగుబాటుగా మారగా, 1832 మే 23న ఆయనను ఉరితీసిరి. డెమరారాలో లండను మిషనుకు చెందిన జాన్ స్మిత్ అను బోధకుడు, బానిసలను తిరుగుబాటుకు పురికొల్పెనను నేరముపై మరణశిక్ష పొంది, 1824 ఫిబ్రవరిలో చెరసాలలోనే చనిపోయెను. ఈ వార్తలు ఇంగ్లండు మనస్సాక్షిని కుదిపివేసెను. 1833 జూలై 26న బానిసత్వమునే రద్దుచేయు బిల్లు కామన్సు సభలో నెగ్గినదని మరణశయ్యమీదనున్న విల్బర్‌ఫోర్సు వినెను. 29న ప్రభువునందు నిద్రించెను. 1834 ఆగస్టు 1 నుండి ఇంచుమించు 8 లక్షలమంది చట్టము చేత విడుదల పొందిరి.

ఆయన లోపములు

విల్బర్‌ఫోర్సును పూజింపుమని నేను చెప్పుట లేదు. పరిశుద్ధగ్రంథము దావీదు పాపమును దాచలేదు. మనము ఈయన లోపములను దాచనక్కరలేదు. దూరపు దీవులలోని బానిసల కొరకు కన్నీరు కార్చిన ఆయన, తన దేశములోని కూలివారు జీతము కొరకు సంఘములుగా కూడుటను నిషేధించిన 1799 నాటి చట్టమును సమర్థించెను. స్త్రీలు బానిసత్వమునకు విరోధముగా సంఘములు పెట్టి ఇంటింట తిరుగుట ఆయనకు నచ్చలేదు. అయినను 1824లో, క్రమక్రమముగా గాదు, తక్షణమే విడుదల కావలెనని ధైర్యముగా వ్రాసినది ఎలిజబెత్ హేరిక్ అను స్త్రీయే. 1833 చట్టము బానిసల యజమానులకు 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారమిచ్చెను. బానిసలకు ఒక్క పెన్నీ ఇయ్యలేదు. పైగా 1838 వరకు పెక్కుమందిని పాత యజమానుల క్రిందనే పనికి కట్టివేసిరి.

మన దేశమునకును ఆయనతో సంబంధము కలదు. కంపెనీవారి రాజ్యములో మిషనరీలకు త్రోవ తెరచిన 1813 నాటి చట్టము కొరకు పాటుపడిన ముఖ్యులలో ఆయన ఒకడు. 1804లో పుట్టిన బ్రిటిషు బైబిలు సొసైటీ స్థాపకులలోను ఆయన ఉండెను. అయితే మన దేశమును ఎన్నడు చూడని ఆయన, మన ప్రజల మతాచారములను గూర్చి చాల కఠినముగా, ఏకపక్షముగా మాటలాడెను. మన పొరుగువారిని కించపరచు మాటలను సువార్త పేరిట మనము మరల పలుకనక్కరలేదు. బానిసను సహోదరుడని పిలుచుటకు నేర్పిన ప్రభువు, పొరుగువానిని గౌరవించుటకును నేర్పును.

1833 చట్టము కంపెనీ పాలనలోని మన దేశమునకు వర్తింపలేదు. ఇక్కడ 1843లో గాని అట్టి చట్టము రాలేదు. అంతలోనే విడుదలయైన బానిసల స్థానములో పనిచేయుటకు మన దేశపు బీదలను ఒప్పందపు కూలీలుగా ఓడలకెక్కించిరి. మారిషస్ దీవిలో నేటికిని ఉన్న తెలుగు కుటుంబముల పూర్వులు అట్లు పోయినవారే. దీనినిబట్టి మనము నేర్చుకొనవలసినది ఒకటున్నది. పాపము ఒక గుమ్మమున తరిమివేయబడిన వేరొక గుమ్మమున వచ్చును. ఒక్క చట్టము చేసి నిద్రపోవువాడు మేల్కొనునప్పటికి క్రొత్త సంకెల సిద్ధముగా నుండును.

ఆక్షేపణలకు జవాబు

“పై అధికారులకు లోబడుమని రోమా పత్రిక 13వ అధ్యాయమున పౌలు వ్రాసెను గదా?” నిజమే. విల్బర్‌ఫోర్సు లోబడెను. ఆయన కత్తి పట్టలేదు; చట్టము ఇచ్చిన త్రోవలోనే నడచెను. మన దేశములో రాజ్యాంగము ప్రతి పౌరునికి ఓటు హక్కును, గ్రామసభలో మాటలాడు హక్కును ఇచ్చియున్నది. దేవుడు అనుగ్రహించిన ఆ బాధ్యతను నెరవేర్చుటయే లోబడుట. దానిని తప్పించుకొనుట విధేయత కాదు.

“పౌలు ఒనేసిమును మరల యజమాని యొద్దకే పంపెను గదా?” పంపెను. అయితే దాసుడుగా గాక ప్రియ సహోదరుడుగా చేర్చుకొనుమని వ్రాసి పంపెను. సహోదరుని సంతలో అమ్మువాడెవడు? ఆ పత్రికను నిజముగా చదివిన ఇంట సంకెల నిలువదు.

“ప్రభువు వచ్చుచున్నాడు, ఈ లోకమును బాగుచేయుట మన పనియా?” యజమానుడు వచ్చుచున్నాడని తెలిసిన దాసుడు ఇల్లు ఊడ్చునా, ఊడ్వక కూర్చుండునా? మత్తయి 25వ అధ్యాయమున ప్రభువు తీర్పుదినమున అడుగబోవు ప్రశ్నలు ముందుగానే చెప్పియున్నాడు. ఆకలి, దాహము, వస్త్రము, చెరసాల. ఆ ప్రశ్నలు వీటిని గూర్చినవే.

ఇక రెండవ ప్రక్కనున్నవారికి ఒక మాట. రాజకీయములు పాపమని నోట చెప్పుచు, ఎన్నికల ముందు రాత్రి అదే చేత నోటు పుచ్చుకొనువారున్నారు. సంఘపు ఓట్లన్నిటిని గంపగుత్తగా బేరమాడి, గుడికి సున్నమో, మైకుసెట్టో సంపాదించు పెద్దలున్నారు. మనుష్యులను అమ్ముట పాపమని విల్బర్‌ఫోర్సు పోరాడెను. మనుష్యుల మనస్సాక్షిని అమ్ముట అంతకంటె తక్కువ పాపమా? ప్రసంగపీఠము ఏ పార్టీకిని వేదిక కారాదు. విశ్వాసి న్యాయము పక్షమున ఉండవలెను. ఏ పార్టీ సంచిలోను ఉండరాదు. విల్బర్‌ఫోర్సు తన ప్రాణస్నేహితుడైన పిట్‌కే యుద్ధ విషయమున ఎదురు నిలిచెను.

మనము చేయవలసినది

1976లో మన పార్లమెంటు వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము చేసెను. దాని ప్రకారము వెట్టికి కారణమైన అప్పు రద్దగును. విడిపించు అధికారము జిల్లా కలెక్టరుకు కలదు. అయినను చట్టము కాళ్లు గలది కాదు. దానిని పల్లెకు నడిపించుకొని రావలసినది మనమే. మీ సంఘములో ఇటుకబట్టీకి ముందస్తు సొమ్ము తీసికొని పోయి, మరల రాలేని కుటుంబమున్నదా? బడి మాని పశువులు కాయుచున్న బాకీదారుని బిడ్డ యున్నాడా? వారి కొరకు ప్రార్థింపుడి. ప్రార్థించి లేచి, నలుగురు కలిసి, అర్జీ వ్రాసి, అధికారి యొద్దకు నడువుడి. ఒకసారి త్రిప్పి పంపిన, మరల పోవుడి. లూకా 18వ అధ్యాయములోని విధవరాలు మీకు మాదిరి.

ఓటు అమ్మకుడి. గ్రామసభ మానకుడి. మీ పిల్లలలో ఎవడైనను పంచాయితీకి నిలువదలచినచో, “భక్తుడవై యుండి ఇదేమి బుద్ధి?” అని గద్దింపక, అతని తలమీద చెయ్యి యుంచి ప్రార్థించి, లంచము ముట్టవద్దని, బీదవానిని మరువవద్దని బుద్ధి చెప్పి పంపుడి. అతడు తప్పు చేసినప్పుడు ప్రేమతో గద్దింపుడి. యోసేపు ఫరో కొలువులో నుండెను. దానియేలు బబులోనులో అధికారిగా నుండెను. నెహెమ్యా 5వ అధ్యాయములో అధిపతి యై యుండి, బీదల పొలములను బిడ్డలను అప్పుక్రింద పట్టుకొన్న పెద్దలను సభలో నిలువదీసెను. వీరెవరును భక్తి విడిచి కొలువుకు పోలేదు, భక్తితోనే పోయిరి.

ప్రియ సహోదరీ సహోదరులారా, వచ్చు ఆదివారము మనము గుడిలో చేరి పాడునప్పుడు, ఒక నిమిషము పాట ఆపి చెవియొగ్గుదము. క్రింది అరలో ఏదైనను సంకెల మ్రోగుచున్నదా? మ్రోగుచున్నయెడల, దానిని విప్పుటకు లేచి పోవుట మన ఆరాధనలో ఒక భాగమే. అట్టి చెవులను, అట్టి కాళ్లను ప్రభువు మన సంఘములకు అనుగ్రహించును గాక. ఆమేన్.